ఏటిగట్టు నుంచి ఎగువ కొండకు

కోనసీమలో పుట్టి పెరిగిన మనిషికి ఎత్తంటే ఏమిటో కళ్లకే తెలుసు, కాళ్లకు తెలియదు. కొబ్బరిచెట్టు ఉంది, గుడి గోపురం ఉంది, ఈ మధ్య సెల్‌ఫోన్ టవరు వచ్చింది. వాటిని తలెత్తి చూడడమే. కాళ్లు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ చదును నేల మీదే తిరిగాయి. ఆ సీమలో నడిచి ఎక్కగలిగిన ఎత్తు ఒక్కటే, ఏటిగట్టు.

గోదావరి వరద ఊళ్ల మీదికి రాకుండా గౌతమికీ, వసిష్ఠకీ, వైనతేయకీ అటూ ఇటూ పోసిన మట్టికట్ట అది. పొద్దున్నే నడకకు బయల్దేరిన రిటైర్డు మాస్టారూ, లంకలోకి గేదెల్ని తోలుకెళ్లే కుర్రాడూ, సైకిలుకు పాలక్యాన్లు కట్టుకుపోయే మనిషీ ఒకరికొకరు ఎదురుపడేది అక్కడే. గట్టు మీద నిలబడితే ఒక పక్క ఏరు, ఒక పక్క ఊరు. వరద రోజుల్లో ఆ రెండింటిలో ఏరే ఎత్తుగా కనిపిస్తుంది. అప్పుడిక గట్టు మీద నడకను వ్యాయామం అనరు, కాపలా అంటారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతో రేడియో చెబుతుంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. విన్నవాళ్లు ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి పట్టే గంటల్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లయితే ఆ అంకెలు వింటూనే ఓసారి అటక వైపు చూస్తారు.

ఎగువ నుంచి వచ్చే నీటి సంగతి ఇంత బాగా తెలిసిన డెల్టా మనిషికి, ఆ ఎగువ ఎలా ఉంటుందో మాత్రం చాలాకాలం దాకా తెలియలేదు. వాన వెలిసి గాలి కడిగినట్టున్న పూట రాజమండ్రి రేవులో నిలబడి ఉత్తరంగా చూస్తే ఆకాశం అంచున ఒక నీలం గీత కనిపిస్తుంది. అంతే. దూరపు కొండలు నునుపు అనే సామెతను మొదట అన్నది ఎవరో గాని, డెల్టావాడే అయ్యుండాలి. కొండ కింద ఇల్లున్నవాడికి ఆ మాట తట్టదు.

ఆ గీత దగ్గరికి నడిచి వెళ్లి, అది నునుపు కాదని అరికాళ్లతో తెలుసుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఈ ప్రసంగం వాళ్ల గురించీ, వాళ్లకంటే చాలా ముందు ఆ దారుల్లో నడిచినవాళ్ల గురించీ.

తెలుగులో ట్రెక్కింగ్ అనే మాటకు సరైన మాట లేదని కొందరు బాధపడతారు. మాట ఉంది, అదే 'కొండెక్కడం'. కాకపోతే ఆ మాటను మనం వేరే పనులకు వాడేసుకున్నాం. ఉల్లిపాయల ధర కొండెక్కుతుంది. దేవుడి గదిలో దీపం ఆరిపోతే ఆరిందనడానికి నోరు రాక, కొండెక్కింది అంటారు అమ్మమ్మలు. మనిషి కొండెక్కాలంటే ఒక్క మొక్కు మాత్రమే కారణంగా ఉండేది. అన్నవరం రత్నగిరికి మెట్లదారిన వెళ్లడం, మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టడం, కార్తీక పౌర్ణమికి గిరి ప్రదక్షిణ చేయడం ఇవన్నీ ఆ లెక్కలోవే. మోకాళ్ల నొప్పులని పగలల్లా మూలిగే పెద్దావిడ మొక్కు రోజున మనవళ్ల కంటే ముందు పైకి చేరిన సందర్భాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఆవిడను ట్రెక్కరు అంటే నవ్వుతుంది.

డెల్టావాళ్లకు ఈ విద్యలో ఓనమాలు దిద్దుకోవడానికి కోరుకొండ సరైన చోటు. రాజమండ్రికి 20 కిలోమీటర్ల లోపే. చుట్టూ పల్లపు చేల మధ్య నుంచి ఒక్కసారిగా లేచిన రాతికొండ, దాని నెత్తి మీద లక్ష్మీనరసింహస్వామి గుడి. మెట్లు ఆరు వందలకు పైగా, అదీ నిటారుగా. సగం దాకా మాటలు సాగుతాయి. ఆ తర్వాత ఊపిరే సాగుతుంది. పైకి చేరి వెనక్కి తిరిగితే, కింద పొలాలు చింకిచాపలో గళ్లలా కనిపిస్తాయి. ఇక్కడో మాట చెప్పుకోవాలి. గోదావరి జిల్లాల్లో అన్నదమ్ములు విడిపోవడానికి, ఇరుగుపొరుగు పాతికేళ్లు మాట్లాడుకోకుండా ఉండడానికి, అమలాపురం కోర్టు నుంచి హైకోర్టు దాకా తిరగడానికి కారణమైన తగాదాల్లో చేలగట్టు తగాదా ఎన్నదగినది. వాడు గట్టు అర అడుగు ఇటు జరిపాడన్నదే అభియోగం. కోరుకొండ మీద నుంచి చూస్తే ఆ అర అడుగు సంగతి అటుంచి, గట్టే కనిపించదు. కొండ ఎక్కి దిగినంత మాత్రాన ఎవరూ కేసు వెనక్కి తీసుకున్న దాఖలా లేదనుకోండి. అయినా కాసేపు ఆ గట్టు కనబడకపోవడం కూడా చిన్న విషయమేం కాదు.

మనసు విషయంలో నడక ఏం చేస్తుందో కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ బ్రాట్‌మన్, అతని సహచరులు 2015లో ఒక పరిశీలన ప్రచురించారు. 38 మందిని తీసుకుని సగం మందిని చెట్లూ గడ్డీ ఉన్న చోట, మిగతా సగాన్ని వాహనాల రద్దీ ఉన్న రోడ్డు పక్కన గంటన్నర నడిపించారు. ముందూ తర్వాతా ప్రశ్నలడిగారు, మెదడును స్కాన్ చేశారు. చెట్ల మధ్య నడిచినవాళ్లలో ఒకే బాధను పదేపదే తలుచుకునే గుణం తగ్గింది. ఆ గుణంతో సంబంధం ఉన్న మెదడు భాగంలో చురుకు కూడా తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు లేదు. ఈ గుణానికి మన భాషలో పశువుల కొట్టం నుంచి వచ్చిన మాట ఉంది, నెమరువేయడం. గేదె నెమరేస్తే పాలిస్తుంది. మనిషి అర్ధరాత్రి మంచం మీద నెమరేస్తే తెల్లారేసరికి తలనొప్పి ఒక్కటే మిగులుతుంది.

కొండదారి ఆ నెమరును ఎలా ఆపుతుందో తెలుసుకోవడానికి స్కానింగ్ కూడా అక్కర్లేదు. చదును రోడ్డు మీద నడిచే మనిషి కాళ్లను కాళ్లకే వదిలేసి తలలో అప్పుల లెక్క వేసుకోగలడు. వాలు మీద అది కుదరదు. ఈ రాయి కదులుతుందా, ఆ వేరు జారుతుందా, ఈ కొమ్మ బరువు ఆపుతుందా అని అడుగడుగుకీ ఒక చిన్న నిర్ణయం తీసుకోవాలి. అప్పుల లెక్కకు చోటుండదు. అలాగని అది అలసిపోయే ఏకాగ్రతా కాదు. పరీక్ష రాసే కుర్రాడికి కావలసిన ఏకాగ్రత ఒకటి, ఏటి నీళ్ల మీద ఎండ ఆడుతుంటే చూసేవాడికి దానంతటదే కలిగే శ్రద్ధ ఇంకొకటి. మొదటిది వాడితే అరుగుతుంది, రెండోది జరుగుతున్నంతసేపూ మొదటిది విశ్రాంతి తీసుకుంటుంది. అమెరికన్ మనోవైజ్ఞానికులు రాచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు 1980లలో ఈ తేడాను సిద్ధాంతంగా చెప్పారు. జపాన్ వాళ్లు అడవిలో తిరగడాన్ని స్నానంతో పోల్చి 1982లో దానికి షిన్రిన్ యోకు అని పేరే పెట్టారు. పుష్కరాల రేవులో మునిగి లేచిన మనిషి ముఖం చూసినవాళ్లకు ఆ పోలిక విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక అసలు కొండల దగ్గరికి వెళదాం. రాజమండ్రి నుంచి గోకవరం దాటాక బస్సు కిటికీలోంచి మొదట మారేది నేల రంగు. డెల్టా నల్లమట్టి వెనకబడిపోయి ఎర్రమట్టి మొదలవుతుంది. వరిచేలు తగ్గి జీడిమామిడి తోటలు వస్తాయి. రంపచోడవరం చేరేసరికి నాలుగు వైపులా కొండలే. అక్కడి నుంచి మారేడుమిల్లి, ఆపైన ఘాట్ రోడ్డు, దాన్ని పట్టుకుపోతే చింతూరు, భద్రాచలం. ఈ దారిలో ఆదివారాలు ఇప్పుడు ఎంత రద్దీగా ఉంటాయంటే, బొంగు చికెన్ కాలే పొగ మలుపు మలుపుకీ లేస్తుంది. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి నిప్పుల మీద కాల్చే వంట అది. కొండవాళ్ల దగ్గర పుట్టి, నేడు కింది ఊళ్ల హోటళ్ల మెనూల దాకా దిగివచ్చింది.

మారేడుమిల్లికి ఎగువన గుడిస అనే పచ్చికకొండ ఉంది. శీతాకాలం తెల్లవారుజామున దాని కింద మేఘాలు పాలకడలిలా పరుచుకుంటాయి. ఫోన్లలో ఆ దృశ్యం చూసి వందల మంది జీపుల్లో, మోటారుసైకిళ్ల మీద పైకి చేరుకుంటున్నారు. సూర్యోదయాన్ని వీడియో తీసుకుని, ఎనిమిదింటికల్లా దిగిపోతున్నారు. వాళ్ల సరదాను తప్పుపట్టనక్కర్లేదు గాని, వాళ్లు చూసింది కొండ అని ఒప్పుకోవడం కష్టం. జీపులో వెళ్లినవాడికి కొండ అంటే శిఖరం. నడిచి వెళ్లినవాడికి కొండ అంటే మొదటి అరగంట.

ఆ మొదటి అరగంట అందరికీ ఒకేలా ఉంటుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. పిక్కలు బిగుస్తాయి. ఎందుకొచ్చాంరా అనిపిస్తుంది. ముందు నడుస్తున్న కొండరెడ్డి గిరిజనుడు మాత్రం భుజాన కావడి ఉన్నా ఊపిరి మారకుండా వెళుతుంటాడు. అతను వేగంగా నడుస్తున్నాడనుకుంటారు గాని కాదు. కాస్త గమనిస్తే అతని అడుగు చిన్నది, ఎక్కడా ఆగనిది. పల్లపువాడు పది అంగలు వేసి రెండు నిమిషాలు ఆయాసపడతాడు. ఇంకెంత దూరం అని అడిగితే, 'ఇదిగో, ఆ మలుపు దాటితే వచ్చేసినట్టే' అంటాడతను. అలాంటి మలుపులు ఆరు దాటాక ఆ ప్రశ్న అడగడం మానేస్తారు. సరిగ్గా అక్కడే నడక మొదలవుతుంది. ఊపిరి అడుగుతో కలుస్తుంది. అప్పటిదాకా నిశ్శబ్దం అనుకున్న అడవిలోంచి ఒక్కో చప్పుడూ విడివడి వినిపిస్తుంది. వెదురుగుంపులో గాలి కిర్రుమంటుంది, ఎండుటాకుల కింద ఏదో పాకుతుంది, ఎక్కడో కింద వాగు రాళ్ల మీద దూకుతుంది.

వాగులన్నీ ఎటు పోతాయి? ఈ ప్రశ్న వేసుకున్న డెల్టా మనిషికి జవాబు తన ఇంటి దగ్గరే దొరుకుతుంది. తూర్పు కనుమల నీళ్లు సీలేరులోకీ శబరిలోకీ చేరి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి దక్కను పీఠభూమి అంతా తిరిగివచ్చిన నది, పాపికొండల దగ్గర రెండు కొండవరసల మధ్య ఇరుక్కుని సన్నబడుతుంది. పోలవరం దగ్గర ఊపిరి వదిలినట్టు వెడల్పవుతుంది. రాజమండ్రి దగ్గరికొచ్చేసరికి 1900లో తెరిచిన హేవలాక్ వంతెనకు 56 ఖానాలు కట్టాల్సి వచ్చినంత వెడల్పు. ధవళేశ్వరంలో పాయలుగా చీలుతుంది. ఇన్ని వేల ఏళ్లుగా ఆ నీళ్లు మోసుకొచ్చి దింపిన ఒండ్రే డెల్టా. అంటే కోనసీమ చేను కొత్తగా పుట్టిందేమీ కాదు, ఎక్కడెక్కడి కొండలో అరిగి, నీళ్లలో నాని, ఆరి చదునైన నేల. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట ఆ ఒండ్రునేలకు కాలువలిచ్చింది, నేలను ఇచ్చింది మాత్రం ఎగువే. పాదాల కింద రాయి పెళుసుగా విరిగినప్పుడు, ఇది ఎప్పటికో ఒకప్పటికి మా లంకకు చేరుతుందన్న ఊహ తట్టినవాడికి కొండ పరాయిచోటు అనిపించదు.

మట్టి ఒక్కటే కాదు. డెల్టాలో పెళ్లిళ్లకు ఒకప్పుడు విస్తళ్లు కుట్టింది అడ్డాకులతో. ఆ ఆకులిచ్చే తీగ పేరు మీదనే అడ్డతీగల అనే ఊరుంది. ఇల్లూడ్చే కొండచీపురూ, పులుసులోకి చింతపండూ, తలంటుకు శీకాయా, దగ్గుకు కరక్కాయా సంతల నుంచీ గిరిజన సహకార సంస్థ దుకాణాల నుంచీ కిందికి దిగివచ్చినవే. ప్రతిరోజూ చేతిలో పట్టుకుంటూ అవి ఎక్కడివో ఆలోచించని మనిషికి, అడవిలో ఆ గడ్డినీ ఆ తీగనూ చూపించి ఇదేనండీ మీ చీపురు అంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది.

కొండరెడ్లకు నడక విహారం కాదు. ఈ మాట విహారానికి వెళ్లే ప్రతివాడూ బయల్దేరే ముందే తెలుసుకోవాలి. పోడు కోసం వాలు ఎక్కుతారు. జీలుగు కల్లు కోసం చెట్టెక్కుతారు. మామిడిటెంకల జీడిని నానబెట్టి, విషం పోగొట్టి అంబలి కాచుకునే నేర్పు వాళ్లది, తిండి కరువైన నెలల్లో అదే ఆధారం. వాళ్ల ఇంటిభాష తెలుగే. పాపికొండల్లో వాళ్ల ఊరూరా కాలినడకన తిరిగి మొదటి వివరమైన పుస్తకం రాసినవాడు మాత్రం తెలుగువాడు కాదు, వియన్నాలో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1939లో హైదరాబాదు వచ్చాడు. యుద్ధం మొదలైంది, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్‌వాళ్లు నిర్బంధించాలనుకున్నారు, చివరికి నిజాం రాజ్యం దాటి పోకూడదన్న షరతుతో వదిలారు. ఆ షరతు ఆయనను చెంచుల దగ్గరికీ, కొండరెడ్ల దగ్గరికీ, ఆ తర్వాత ఆదిలాబాదు గోండుల దగ్గరికీ నడిపించింది. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. పాపికొండలను ఆనాటి ఇంగ్లీషువాళ్లు అడవిదున్నల కొండలనేవారు, పుస్తకం పేరులో ఆ మాటే ఉంది. లోకమంతా తగలబడుతున్న ఏళ్లలో, ఆ షరతు కింద బతుకుతూ, ఒక మనిషి ఈ వాలుల మీద నోటుపుస్తకం పట్టుకు తిరిగాడంటే, కొండలు ఆయనకు ఏమిచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆ కాలిబాటల మీదే ఇవాళ్టికీ డోలీలు నడుస్తున్నాయి. రోడ్డు లేని గూడెం నుంచి నొప్పులొస్తున్న ఆడమనిషిని కర్రకు కట్టిన దుప్పటిలో మోసుకుని అంబులెన్సు ఆగే చోటికి దిగే వార్తలు ఏజెన్సీ నుంచి తరచూ వింటూనే ఉన్నాం. పల్లపువాడికి మనశ్శాంతినిచ్చిన ఆ దారి, అక్కడివాళ్లకు ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే దారి. కొండ నేర్పే కొలతల్లో ఇదీ ఒకటి. దీన్ని దాటవేసి ప్రశాంతత గురించి మాట్లాడడం కుదరదు.

డెల్టా కుర్రాడు ఒకడు దీన్ని వందేళ్ల కిందటే చూశాడు. అల్లూరి సీతారామరాజు 1897లో పాండ్రంగిలో మేనమామల ఇంట పుట్టినా, తండ్రి ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. తండ్రి వేంకటరామరాజు రాజమండ్రిలో ఫోటోగ్రాఫరు. చదువు రాజమండ్రిలో, కాకినాడలో, నరసాపురంలో సాగింది, అదీ అరకొరగా. దేశమంతా తిరిగి, 1917లో కృష్ణదేవిపేట చేరి, కొండల్లో తపస్సు చేసుకుంటూ ఉండిపోయాడు. శాంతి కోసం వెళ్లినవాడే. అక్కడ కనిపించింది వేరు. 1882 అటవీ చట్టం పోడును నేరం చేసింది. బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు రోడ్డు పనికి మనుషుల్ని తోలి సరైన కూలీ ఇవ్వలేదు. అంతకు ముందు 1879లో రంప ప్రజలు లేచినప్పుడు ఒక కారణం కల్లు గీతకు వేసిన చిగురుపన్ను. తరం మారినా సంగతి మారలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు, వరసగా మూడు రోజుల్లో మూడు. మధ్యలో కొండలు. వాహనాలు లేవు. ఆ మూడు తేదీల మధ్య దూరాన్ని పటంలో కొలిస్తే కిలోమీటర్లే వస్తాయి. ఒక్క ఘాటైనా నడిచి ఎక్కినవాడు ఆ తేదీలు మళ్లీ చదివితే పిక్కలు గుర్తొస్తాయి. దాదాపు రెండేళ్ల తర్వాత, 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు.

అన్ని కొండలూ తిరుగుబాటుకు కాదు లెండి. గోదావరికి పడమటి పక్క, కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం అనే ఊరుంది. ఊరి వెనక గుంటుపల్లి బౌద్ధ గుహలు. మెట్లెక్కి పైకి పోతే, క్రీస్తు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటి నుంచీ భిక్షువులు నివసించిన రాతిగదులూ, విరిగిన స్తంభాలూ, కొండమీద వరసగా కూర్చున్నట్టుండే చిన్న చిన్న స్తూపాలూ కనిపిస్తాయి. వీటన్నింటిలోకీ చూడాల్సింది గుండ్రటి చైత్యం. లోపలికి వెళ్లి తలెత్తితే కప్పు నిండా రాతివాసాలు. నడిమధ్య నుంచి అంచుల దాకా, గొడుగు ఊచల్లా. రాతిని తొలిచిన గుహకు వాసాలతో ఏం పని? అవి దేన్నీ మోయవు. తీర ఆంధ్రలో చుట్టిల్లు చూసి పెరిగినవాడికి మాత్రం తెలిసిపోతుంది. ఆ శిల్పి రాయిలో చెక్కింది తన ఊరి పూరిపాకనే. వెదురువాసాలతో, తాటాకుతో కప్పిన గుండ్రటి ఇల్లు ఎలా ఉంటుందో అలాగే. తుఫాను వస్తే ఎగిరిపోయే ఇంటిని ఎగిరిపోనిచోట చెక్కి పెట్టాడు.

భిక్షువులు ఏడాదిలో అధిక భాగం నడిచేవాళ్లు. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగాలని నియమం, పచ్చిక మొలకలూ పురుగులూ కాలికింద పడకూడదని. మిగతా కాలంలో ఆగకూడదు, ఆ కాలంలో కదలకూడదు. నడకకూ నిలకడకూ రెండింటికీ వేళ పెట్టిన ఆ లెక్క వారాంతపు ప్రయాణాలు పెట్టుకునేవాళ్లు కాస్త ఆలోచించదగింది. గుంటుపల్లికి ఏలూరు నుంచి ఒక్కపూటలో వెళ్లిరావచ్చు. పెద్ద ఎక్కుడేమీ లేదు. పిల్లల్ని తీసుకెళ్లడానికి గుడిస కంటే ఇదే మేలు.

వానాకాలం మాట ఇప్పుడు నడిచేవాళ్లకూ వర్తిస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏజెన్సీలో దారులు జారుడు, జలగల బెడద, పైన ఎక్కడో పడ్డ వానకు కింద వాగు నిమిషాల్లో పొంగుతుంది. మోకాలి లోతు కదా అని దిగినవాళ్లు కొట్టుకుపోయిన సంఘటనలున్నాయి. దోమలు చిన్నవే గాని మన్యం జ్వరం చిన్నది కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండల అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది, పులీ చిరుతా తిరిగే చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా, దారి తెలిసిన స్థానికుడు తోడు లేకుండా లోపలికి పోవడాన్ని సాహసం అనరు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల ద్వారా కొండవాళ్లే నడిపే బసలున్నాయి, డబ్బు ఎవరి చేతికి చేరాలో వాళ్ల చేతికి చేరుతుంది. నది మీద వెళ్లేవాళ్లు 2019 సెప్టెంబరు 15ను మరిచిపోకూడదు. ఆ రోజు వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. నెల దాటాక గాని లాంచీని పైకి తీయలేకపోయారు.

ఇంకొకటి కూడా ఉంది. పోలవరం జలాశయం నిండేకొద్దీ గోదావరి ఒడ్డున ఎన్నో కొండరెడ్డి ఊళ్లు, వాటిని కలిపే కాలిబాటలు నీటి కిందికి పోతాయి. దేవీపట్నం వైపు ఇప్పటికే ఊళ్లు ఖాళీ అయ్యాయి. తాతలు నడిచిన దారిని పడవలోంచి వేలు పెట్టి చూపించాల్సిన కాలం వస్తోంది. నడవాలనుకున్నవాళ్లు వాయిదా వేయకపోవడం మంచిది.

దిగడం ఎక్కడమంత తేలిక కాదని తొలిసారి వెళ్లినవాళ్లకు సాయంత్రానికి గాని తెలియదు. మోకాళ్లు వణుకుతాయి. కాలివేళ్లు బూటు ముందుభాగాన్ని కొట్టుకుంటాయి. పొద్దున ఆయాసంలో కనిపించనివి దిగేటప్పుడు కనిపిస్తాయి. గూడెం అరుగు మీద చీపుళ్లు కడుతున్న ముసలమ్మ, రాతిమీద ఆరబెట్టిన చింతపండు, వాగులో బట్టలుతుకుతూ నవ్వుకునే ఆడపిల్లలు. రంపచోడవరంలో టీ తాగి బస్సెక్కితే గోకవరం రాకముందే సగం మంది నిద్రపోతారు. రాజమండ్రిలో దిగేసరికి చీకటి. రావులపాలెం మీదుగా ఊరు చేరేసరికి పొద్దుపోతుంది. ఆ రాత్రి ఎవరికీ నెమరు వేసుకునే ఓపిక ఉండదు.

మర్నాడు పొద్దున ఏటిగట్టు మీద ఎప్పటి నడకే. మాస్టారు ఎదురై, ఏమండీ ఆదివారం కనబడలేదు అంటారు. గేదెలు లంకలోకి దిగుతుంటాయి. ఇంటికి తిరిగొచ్చాక కుళాయి దగ్గర నిన్నటి బూట్లు కడుగుతుంటే అరచేతి మందాన పట్టిన ఎర్రమట్టి కరిగి, గచ్చు మీదుగా పారి, పెరటి వెనక పంటకాలువలోకి జారిపోతుంది. కాలువ నీళ్లలో ఆ ఎర్రచార ఓ గజం దూరం కనిపించి, పక్కవాళ్ల తూము దగ్గర చేలోకి మలుపు తిరుగుతుంది.